ఆఖరి చీర రంగు

మా అవ్వ పోయి ఏడాది నిండింది. ఏడాది మాసికం పెట్టిన మర్నాడు, వచ్చిన చుట్టాలు ఇంకా చాయ తాగుతుండగానే, బాపు ఉన్నట్టుండి "కొల్లాపూర్ పోయొద్దాం బిడ్డా" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. మా ఇంట్లో కొల్లాపూర్ అంటే ఒకే ఒక్క మనిషి, మాలీషు చేసే బాలస్వామి తాత. అవ్వ చివరిదాకా తెలుసుకోవాలని పట్టుబట్టి, తెలుసుకోకుండానే వెళ్లిపోయిన సంగతి ఒకటి ఆయన దగ్గర ఉండిపోయింది. పెద్ద సంగతేమీ కాదు, ఒక చీర ఎవరిదన్నది. కానీ మా అవ్వ ఏ సంగతినీ చిన్నది అనుకునే మనిషి కాదు.

జ్ఞాపకాలు రాసుకోవాలంటే ముందు తల నెరవాలని మా బడిలో తోటి టీచర్లు నన్ను ఆటపట్టిస్తుంటారు. నేను ఒప్పుకోను. బాపు మంచం పట్టిన ఆ కొన్ని వారాల్లో నాకు మనుషులు తెలిసినంతగా ఆ తర్వాత ఎన్నడూ తెలియలేదు. అప్పుడు నేను పదో తరగతి. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. రామన్నపేట దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు మాది. చెరువు పూడిక ఎత్తే ట్రాక్టర్లు పొద్దంతా మా ఇంటి ముందునుంచే తిరిగేవి. ఉతికి ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని చెంబులో, చివరికి మా కనురెప్పల మీద కూడా నల్లమట్టి దుమ్మే. ఆ దుమ్ము, కొట్టంలోంచి వచ్చే గొర్ల వాసన, అవ్వ వక్క దంచే చప్పుడు, ఈ మూడూ కలిస్తేనే నాకు ఆ రోజులు. పళ్లు లేని అవ్వ ఆకూ వక్కా సున్నమూ చిన్న ఇనుప రోట్లో వేసి దంచి నోట్లో పెట్టుకునేది. కోపం వస్తే దంచుడు జోరందుకునేది, ఆలోచనలో పడితే ఆగిపోయేది. ఆమెను ఏదైనా అడగాలంటే ముందు ఆ చప్పుడు విని, అప్పుడు లోపల అడుగు పెట్టేవాళ్లం.

బాపుకు గొర్లు తప్ప వేరే లోకం లేదు. ఏటా ఎండలు ముదరకముందే మందను తోలుకుని అమ్రాబాద్ అడవి దిక్కు నడిచిపోయేవాడు. వానలు పడ్డాకే మళ్లీ మాకు కనిపించేది. ఆ ఏడు బయలుదేరే కాలం దగ్గర పడుతుండగా ఒక సూడి గొర్రె వ్యవసాయ బావిలో పడింది. బాపు దిగి, తడిసి బరువెక్కిన గొర్రెను భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే కాలు జారింది. గొర్రెను వదిలేస్తే తను నిలదొక్కుకునేవాడే. వదల్లేదు. గొర్రె మర్నాడు నిక్షేపంగా పిల్లను ఈనింది. బాపు మాత్రం నడుము పట్టేసి మంచానికి అతుక్కుపోయాడు. నల్గొండ దవాఖానలో ఎక్స్‌రే తీశారు. ఎముకకు ఏమీ కాలేదని, కండ పట్టేసిందని, కొన్నాళ్లు పడుకుని తర్వాత మెల్లగా నడవాలని డాక్టరు విడమరచి చెప్పాడు. పడుకోవడం వరకు జరిగింది, నడవడమే జరగలేదు. గోడల్లాంటి పొట్టేళ్లను కొమ్ములు పట్టి ఆపే మా బాపు, పక్కకు తిరగాలన్నా భయపడి చెమటలు పట్టేవాడు. ఎవరి చెయ్యి దగ్గరికి వచ్చినా ఒళ్లంతా బిగపట్టేవాడు. అమ్మ పొద్దున సద్ది కట్టుకుని గొర్ల వెంట పోతే చీకటి పడే వేళకు వచ్చేది. మందను అడవిదాకా ఒంటరిగా తోలడం ఆమె వల్ల అయ్యే పని కాదు. ఉగాదిలోపు బాపు లేవకపోతే గొర్లను అంగడికి తోలేయాలని, పట్నంలో ఒక అపార్టుమెంటుకు కావలి మనిషి కావాలంటున్నారని, బాపు కూర్చుని చేయగలిగిన పని అదొక్కటేనని ఇంట్లో మాట నడుస్తోంది. ఆ మాట వచ్చినప్పుడల్లా బాపు గోడ వైపు చూసేవాడు. పట్నం పోతే నా బడి ఏమవుతుందో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. కానీ నాకు రాత్రిపూట అన్నం సహించేది కాదు.

అప్పుడు మా మేనమామ, కొల్లాపూర్ దిక్కు గొర్లు తోలినప్పుడు తన కాలు బెణికితే సవరించిన మనిషని చెప్పి, బాలస్వామి తాతను బస్సులో వెంటబెట్టుకొచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, చెవులకు పోగులు, భుజాన గళ్ల తువ్వాల. గొంతు మాత్రం మనిషికి మించినది. మంచినీళ్లు అడిగితే పక్కింటివాళ్లు కూడా చెంబు తెచ్చేంత గొంతు. వచ్చీ రాగానే బాపును ముట్టుకోలేదు.

"ఫోటువ తీపిచ్చిండ్రా? బొక్క మంచిగున్నదన్నడా డాక్టరు?" అని అడిగాడు.

"మంచిగనే ఉన్నదన్నడు" అంది అవ్వ.

"గట్లయితె సరే. బొక్క ఇరిగితె నేను ముట్ట. గది దవాఖాన పని."

ఆయన చేసే పనులన్నీ ఆ వారాల్లోనే చూశాను. బెణికిన మణికట్లు, పట్టేసిన మెడలు, మోపులు ఎత్తి ఎత్తి కిందికి జారిన భుజాలు, పసిపిల్లల కాళ్లు, లారీ డ్రైవర్ల నడుములు, ఆయన మా ఇంట్లో దిగాడని తెలిసి ఊరంతా వరుస కట్టింది. పొద్దున్నే పెద్ద గంజులో వావిలాకు వేసి నీళ్లు మరగబెట్టేవాడు. ఇనుప గంటెలో నువ్వుల నూనె పోసి, ఎల్లిపాయ రేకలూ వామూ వేసి, ఎల్లిపాయ ఎర్రబడేదాకా కాచేవాడు. ఆ వాసన మా ఇంటి గోడలకు ఎంతగా పట్టిందంటే, పరీక్ష రాస్తుంటే నా బడి బట్టల్లోంచి కూడా వచ్చేది. నూనె రాసేముందు అరచేతులను పొయ్యి అంచున కాచుకునేవాడు. ఇక మాటల దగ్గర ఆయనకు వింత పట్టింపు ఉండేది. ఎవరైనా "ఎడమ దిక్కు నొస్తుంది" అంటే, "నీ ఎడమనా, నా ఎడమనా?" అని చెయ్యి పెట్టి చూపించమనేవాడు. ఆయన సంచిలో రెండు నూనె సీసాలుండేవి, ఒకటి పసుపు రంగుది, ఒకటి ఆకు రంగుది. నేను ఒకసారి "ఈ పచ్చ సీసనా తాతా?" అన్నాను. చేస్తున్న పని ఆపేసి నావైపు చూశాడు.

"పచ్చ అనకు బిడ్డా. పసుపైతె పసుపను, ఆకైతె ఆకను."

"ఏంది బాలయ్యా, పచ్చ అంటె ఏమైతది?" అని అవ్వ నవ్వింది. ఆయన నవ్వలేదు.

అన్నిటికంటే పెద్ద పట్టింపు ఇంకొకటి. మొదటి రోజు బాపు తలాపున కూర్చుని చెప్పాడు. "మల్లేశూ, ఒక్క మాట యాదిలో పెట్టుకో. నువ్వు ఆపు అంటె నేను ఆపుత. నొచ్చి అన్నా, నవ్వులాటకన్నా, ఎందుకన్నవని అడగ. ఆపుత." బాపు, ఆ చేతులు ఇంకా తగలకముందే, "ఆపు" అన్నాడు. తాత రెండు చేతులూ గాలిలోకి ఎత్తేసి, లేచి బయటికి వెళ్లి చాయ తాగాడు. ఆ పూటకు అంతే. మర్నాడు చెయ్యి తగిలిందో లేదో మళ్లీ ఆపు. మళ్లీ చేతులు పైకి. అవ్వ దంచుడు జోరందుకుంది. "గిట్ల ఆపుకుంట కూసుంటె ఉగాది గాదు, దీపావళి వస్తది" అని గొణిగింది. "కానీయి అవ్వా, ఆపుతనని వానికి ఎరుక కావాలె ముందుగాల" అన్నాడాయన. పట్టుకుంటే వదలని వైద్యులను మా ఊళ్లో చూశాం. నలుగురు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుంటే వాళ్లు లాగేవాళ్లు. ఒక్క మాటకు చేతులెత్తేసే మనిషిని అదే చూడటం.

మూడో పూటో నాలుగో పూటో, చేతులు పెట్టకుండా కథ పెట్టాడు. వయసులో ఉండగా ఆయన బాగోతాలు ఆడాడట. ఆయన వేషం ద్రౌపది.

దంచుడు ఆగింది. "గీ గొంతుతోనా?" అంది అవ్వ.

"గప్పుడు సన్నగుండె అవ్వా గొంతు."

వస్త్రాపహరణం రోజు ద్రౌపది ఒంటి మీద ఒకదాని మీద ఒకటి చీరలు కడతారు. దుశ్శాసనుడు లాగుతూ ఉంటే, ద్రౌపది గిర్రున తిరుగుతూ ఉంటే, ఒక్కో చీర ఊడి వస్తూ ఉంటుంది. ఆ చీరలన్నీ ఊళ్లో ఆడవాళ్ల దగ్గర అడిగి తెచ్చినవే. పూటకో చీర చొప్పున ఆయన చెప్పడం, పూటపూటకూ చేతులు బాపు నడుము మీద ఇంకాస్త లోతుకు దిగడం. పైన కట్టింది పట్వారి ఇంటి గద్వాల చీర. దాని కింద సావుకారు భార్యది, మొగునికి చెప్పకుండా పెట్టెలోంచి తీసిచ్చింది. మొగుడేమో ముందు వరుసలో కూర్చున్నాడు. గద్వాల చీర ఊడి తన ఇంటి చీర బయటపడగానే సావుకారు లేచి, "అరే, గది మా ఇంటిదిరా, లాగకు, చినుగుతది" అని స్టేజి మీదికే వచ్చాడట. జనం అది కూడా ఆటలో భాగమే అనుకుని ఈలలు వేశారట. దుశ్శాసనుడు, ఈయన్ని భీముడనుకోండని జనానికి చెప్పి, సావుకారును కూర్చోబెట్టాడట. బాపు పొట్ట కదిలేలా నవ్వాడు. మంచం పట్టాక అదే మొదటి నవ్వు. ఆ నవ్వులోనే తాత బొటనవేళ్లు ఎక్కడ దిగాలో అక్కడ దిగాయి. టప్పుమని చప్పుడు నాకూ వినిపించింది. బాపు ఆపు అనడం మరిచిపోయాడు.

ఆ తర్వాత మా ఇల్లే ఒక బాగోతం అయింది. పొద్దుగూకే వేళకు పక్కిళ్ల ఆడవాళ్లు చేటలూ బియ్యమూ పట్టుకుని మా వాకిట్లోకే వచ్చి ఏరుకునేవాళ్లు. చాకిరేవు మూటలోంచి అడగకుండా తెచ్చిన చీర ఒకటి. దాని సొంతదారు ఆ రాత్రి జనంలోనే ఉంది. చీరను పోల్చుకుని కూడా, ద్రౌపది మానం కంటే ఎక్కువనా అని నోరు మూసుకుని కూర్చుందట. ఒక బాలింత ఇచ్చిన చీర ఇంకొకటి. పురుడు వెళ్లినా దానికి వాము పొగ వాసన పోలేదట. ఆ చీర దగ్గర అవ్వ ఎందుకో కళ్లు తుడుచుకుంది. మధ్యమధ్యలో బొంబాయి వచ్చేది. ఆ రాత్రి తర్వాతే పాలమూరులో బొంబాయి బస్సు ఎక్కాడట. ఇటుకలు మోశాడు, లారీ కడిగాడు. పొద్దుగూకితే సముద్రం ఒడ్డున ఒక ముసలి వస్తాదు వెంట సీసాలు గలగలలాడిస్తూ తిరిగి మాలీషు నేర్చాడు. పహిల్వాన్లకు పట్టాడు, సేట్లకు పట్టాడు. పట్టించుకుంటూ నిద్రపోయిన ఒక సేటు జోళ్లను కుక్క ఎత్తుకుపోతే, ఇసుకలో దాని వెంట పరుగెత్తాడు. బొంబాయికి ఎందుకు పోయావంటే మాత్రం, "గది ఆఖరి చీర కాడ వస్తది" అనేవాడు.

ఉగాది ముందు ఒక పొద్దున బాపు ఎవరి చెయ్యీ పట్టకుండా లేచి కొట్టందాకా నడిచాడు. గొర్లన్నీ ఒక్కసారి తల తిప్పి చూశాయి. అమ్మ సద్ది మూట పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. నాకు ఎంత సంతోషమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. తాత సంచి సర్దుకుంటుంటే అవ్వ గడపకు అడ్డం కూర్చుంది.

"చీర బాకున్నది. ఆఖరిది. ఎవలిది?"

ఆయన చాలాసేపు తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. "మల్లొచ్చినప్పుడు చెప్త అవ్వా" అని ఆమె కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. బాపు ఆ ఏడూ మంద వెనక నడిచే అమ్రాబాద్ పోయాడు. పట్నం మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు. నేను అదే ఊళ్లోంచి సైకిలు తొక్కి చదివి, ఈరోజు నల్గొండలో పాఠాలు చెప్తున్నానంటే అది ఆ నడుము పుణ్యమే. అవ్వ మాత్రం ఆ చీరను వదల్లేదు. ఒకనాడు వాళ్లమ్మ చీర అయి ఉంటుందనేది. ఇంకోనాడు, ఎవరో పిల్ల మనసుపడి ఇచ్చి ఉంటుంది, పిల్ల అన్నదమ్ములు పోల్చుకుని తరిమి ఉంటారు, అందుకే బొంబాయి పారిపోయాడు అనేది. అసలు ఆఖరి చీరే లేదేమో, అందుకే సిగ్గుపడి చెప్పలేదేమో అని తనలో తనే నవ్వుకునేది. పోయే ముందు వారం కూడా, కొల్లాపూర్ నుంచి పెండ్లికి వచ్చిన ఎవరినో పట్టుకుని బాలయ్య మంచిగున్నడా అని అడిగింది.

ఇప్పుడు అడవిలోకి మందలను పోనివ్వడం లేదు. బాపు ఊరి చుట్టుపక్కలే మేపుకునేంత చిన్న మందను పెట్టుకున్నాడు. నేనుండే వీధిలోనే నడుము నొప్పులకు రెండు సెంటర్లున్నాయి. కాన్పు తర్వాత నేనూ పోయాను, కరెంటు మెషీను పెట్టారు, నొప్పీ తగ్గింది. అబద్ధం ఎందుకు, బాగానే చేస్తారు. ఆపమంటే మీట నొక్కి ఆపుతారు కూడా. కాకపోతే ఆ మెషీను కింద పడుకున్నంతసేపూ నా చెవులు ఒక చీర కోసం ఎదురు చూశాయి.

కొల్లాపూర్‌లో బస్సు దిగి అడిగితే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించారు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. బాలస్వామి తాత ఇంకా సన్నబడ్డాడు. గొంతు మాత్రం తగ్గలేదు. పంచలో నులక మంచం మీద ఇంకొక ముసలాయన కూర్చుని ఉన్నాడు, చిన్న చేతులు, నున్నగా గీసిన గడ్డం. మమ్మల్ని చూసి లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ వెళ్లి నీళ్లు తెచ్చాడు. "నర్సింలు. నా దోస్తు. ఇద్దరం ఒక్కతాన్నే ఉంటం" అన్నాడు తాత. అవ్వ పోయిందని బాపు చెప్పాడు. తాత తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత బాపు, "అవ్వ అడిగి అడిగి పోయింది కాకా. ఆమె పేరు మీద అడుగుతున్న. ఆఖరి చీర ఎవలిది?" అన్నాడు.

తాత నర్సింలు వైపు చూశాడు. "ఏం చీర?" అన్నాడు నర్సింలు. సన్నని, తీయని గొంతు. ఆ ఒక్క మాటతోనే నాకు అనుమానం వచ్చింది. నేనే ముందుకు జరిగి, గద్వాల చీర దగ్గర మొదలుపెట్టి, సావుకారు స్టేజి ఎక్కింది, బాలింత చీర, అన్నీ చెప్పాను. నర్సింలు వింటూ వింటూ, భుజాలు అదిరేలా నవ్వాడు.

"నా చీరలన్ని నువ్వు కట్టుకున్నవారా బాలిగా?"

ద్రౌపది నర్సింలు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని మించిన ద్రౌపది లేడట. బాలస్వామి తాత దుశ్శాసనుడు, లాగేవాడు. చీరలన్నీ నిజమే, బొంబాయి నిజమే, కట్టుకున్న మనిషే వేరు.

"లాగెటోనికి ఒక గురుతు ఉంటది బిడ్డా" అని నాకు చెప్పసాగాడు నర్సింలు. "ఆఖరి చీర ముడులేసి గట్టిగ కడతం. గది కనవడంగనే దుశ్శాసనుడు అలిసి పడిపోవాలె. గా రోజు నేను వీనికి చెప్పిన, ఆఖరుది పచ్చదిరా అని. మా అమ్మ చీర, ఆకు రంగుది. వీడేమనుకున్నడు? పసుపు రంగనుకున్నడు. వాళ్లింట్ల పచ్చ అంటె పసుపే. ఆకు రంగు చీర వచ్చింది, ఇంకొకటి ఉన్నదనుకొని లాగుతనే ఉన్నడు. ముడి బిగుసుకున్నది, ఊడదు. ఆపురా అన్న. ఆపు, ఆపు అని మొత్తుకున్న. జనమంత చప్పట్లే. వీడు గూడ, మనోడు ఇయ్యాల మంచిగ ఆడుతున్నడనుకున్నడు."

స్టేజి అంటే పక్కపక్కన నిలిపిన ఎడ్లబండ్ల మీద పరిచిన పలకలు. ఆ లాగుడుకు నర్సింలు బండి మీదినుంచి కింది రాళ్ల మీద పడ్డాడు. తుంటి విరిగింది. తాత ఆయన్ని వీపున మోసుకుని, ఆ దిక్కు కూలీలంతా ఎక్కే బొంబాయి బస్సే ఎక్కించాడు. అక్కడి పెద్ద దవాఖానలో ఎముకను అతికించారు. కండలు బిగుసుకుపోయిన ఆ కాలిని మళ్లీ నడిపించడానికే, పగలు ఇటుకలు మోసి సాయంత్రం సముద్రం ఒడ్డున మాలీషు నేర్చుకున్నాడు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు ఈయన కాలి మీదే చేశాడు. మాలీషు నేర్చిన ఆ చేతులు పట్టిన మొదటి కాలు ఇదే.

మేమంతా ఆఖరి చీర ఎవరిదని అడిగాం కానీ, ఏ రంగుదని అడగాల్సింది. పచ్చ సీసా అన్నప్పుడు తాత నన్ను చూసిన ఆ చూపు నాకు గుర్తొచ్చింది.

తాత నేలవైపు చూస్తూ అన్నాడు. "నేను ద్రౌపదినని ఎందుకు చెప్పిన్నంటె మల్లేశూ, దుశ్శాసనుని చేతికి ఎవడన్న నడుం ఇస్తడా?"

మా బాపుకు మాటలు తక్కువ. లేచి అంగీ విప్పి, మడిచి నా చేతికిచ్చాడు. గోడకు ఆనించి ఉన్న చాపను తీసి పంచలో పరిచి, దాని మీద బోర్లా పడుకున్నాడు.

"బస్సుల కూసుండి కూసుండి పట్టింది కాకా. జర చూడు."

తాత కదల్లేదు. నర్సింలే కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లి గంటెలో నూనె వేడి చేసి తెచ్చాడు. ఎల్లిపాయ వాసన వచ్చింది, మా పాత ఇంటి వాసన. "ఫికర్ చెయ్యకు మల్లేశూ" అన్నాడు ఆ సన్న గొంతుతో, గంటెను తాత ముందు పెడుతూ. "ఆపంటె ఆపుతడు. ఒక్కనాడే ఆపలే."

తాత అరచేతులను ఆ వేడి గంటెకు కాచుకుని బాపు నడుము మీద పెట్టాడు. నేను అవ్వ కూర్చున్నట్టే గడపకు అడ్డంగా కూర్చున్నాను. ఆ పూట బాపు ఒక్కసారి కూడా ఆపు అనలేదు.